తొలి ఏడాది సెలవులు - మలి ఏడాది చదువు

ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు పత్రికలు పేజీలకు పేజీలు రాస్తాయి. డిగ్రీ ప్రవేశాలప్పుడు ఎంతమంది చేరారు, ఎన్ని సీట్లు మిగిలాయి అని లెక్కలు వేస్తాయి. కానీ చేరినవాళ్లలో ఎంతమంది రెండో ఏడాది తరగతి గదిలో కూర్చున్నారన్న ప్రశ్న ఎవరూ వేయరు. ఆ ప్రశ్నకు జవాబు పరీక్ష హాలులో కంటే మొదటి ఏడాది సెలవుల్లోనే ఎక్కువగా తేలుతుందని మా అభిప్రాయం. చిన్న పట్టణాల్లోని చిన్న కాలేజీల్లో చదివే మన పిల్లల విషయంలో ఇది మరీ నిజం.

ముందుగా కొన్ని అంకెలు చూద్దాం. 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం, 20 ఏళ్లు దాటిన ముస్లింలలో డిగ్రీ లేదా డిప్లొమా ఉన్నవారు 4 శాతం కంటే తక్కువ. దేశం మొత్తం మీద ఆ సంఖ్య దాదాపు 7 శాతం. ఆ తర్వాత పరిస్థితి కొంత మెరుగుపడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 నాటి చట్టంతో వచ్చిన 4 శాతం రిజర్వేషన్లు, 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ మనలో ఎన్నో కుటుంబాలకు కాలేజీ గడప చూపించాయి. మెకానిక్ కొడుకు, బీడీలు చుట్టే తల్లి కూతురు డిగ్రీలో చేరగలిగారు.

అయితే చేరడం వేరు, నిలవడం వేరు. ఉన్నత విద్యపై కేంద్ర ప్రభుత్వం జరిపిన సర్వేలో 2019-20లో దేశవ్యాప్తంగా దాదాపు 21 లక్షల మంది ముస్లిం విద్యార్థులు ఉండగా, 2020-21లో ఆ సంఖ్య 19.2 లక్షలకు పడిపోయింది. అదే కాలంలో మొత్తం విద్యార్థుల సంఖ్య 3.85 కోట్ల నుంచి 4.14 కోట్లకు పెరిగింది. అంటే అందరూ ముందుకు వెళ్తుంటే మనం వెనక్కి నడిచామన్నమాట. దీనికి ఒకే కారణం చెప్పడం సరికాదు. అయినా ఒక్క విషయం మాత్రం గమనించాలి. అది కరోనా కారణంగా కాలేజీలు నెలల తరబడి మూతపడిన ఏడాది. కాలేజీ తలుపు మూసి ఉన్న కాలం పేదింటి విద్యార్థికి ఎంత గండమో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. ఏటా వచ్చే సెలవులు ఆ గండానికి చిన్న రూపాలే.

చిన్న కాలేజీ, పెద్ద సెలవులు

పెద్ద విశ్వవిద్యాలయంలో చదివే విద్యార్థికి సెలవులంటే తరగతులు లేకపోవడం మాత్రమే. హాస్టల్ గది, గ్రంథాలయం, సీనియర్లు ఎక్కడికీ పోరు. ఇంటికి వెళ్లినా అతని పెట్టె, పుస్తకాలు అక్కడే ఉంటాయి. మళ్లీ రావడానికి అదే ఒక హామీ.

చిన్న కాలేజీ సంగతి అలా కాదు. అద్దె భవనంలో రెండు అంతస్తులు, రెండు మూడు వందల మంది విద్యార్థులు, గ్రంథాలయం పేరిట ఒక బీరువా. హాస్టల్ ఉండదు. పిల్లలు చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్సులోనో షేర్ ఆటోలోనో వచ్చి మధ్యాహ్నానికి తిరిగి వెళ్తారు. వాళ్లకు కాలేజీతో ఉన్న బంధమల్లా ఆ నాలుగు గంటల తరగతే. సెలవులు ఇవ్వగానే ఆ ఒక్క దారం కూడా తెగుతుంది. బస్ పాసు గడువు ముగుస్తుంది. మాస్టారు కనిపించరు. స్నేహితులు ఎవరి ఊళ్లలో వాళ్లుంటారు. మొదటి ఏడాది విద్యార్థికి కాలేజీ ఇంకా అలవాటు కూడా అయి ఉండదు. రెండు నెలల తర్వాత అతడికి అదొక కల లాగా తోచినా ఆశ్చర్యం లేదు.

ఊరికి దగ్గర్లో కాలేజీ ఉండటం మేలన్నది నిజమే. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ 1947లో ఉస్మానియా కళాశాలను స్థాపించారు. ఇలాంటి సంస్థలే లేకపోతే దూర నగరాలకు వెళ్లలేని ఎందరో పిల్లలు ఇంటర్‌తోనే ఆగిపోయేవారు. ఆడపిల్లల విషయంలో ఇది మరింత స్పష్టం. కానీ ఇంటికి దగ్గరైన కాలేజీ దుకాణానికీ, వంటింటికీ కూడా దగ్గరే. సెలవులు రాగానే ఆ రెండూ పిల్లల్ని పిలుస్తాయి.

సంపాదన తెచ్చే చిక్కు

అబ్బాయిల సంగతి తీసుకుందాం. పరీక్షలు ముగిసిన మర్నాడే సెల్‌ఫోన్ రిపేరు షాపులోనో, బిర్యానీ సెంటర్‌లోనో, పెళ్లి భోజనాల క్యాటరింగ్‌లోనో పనికి కుదురుతారు. ఇందులో తప్పేమీ లేదు. ఇంటికి ఆసరా కావడం మంచి బుద్ధి. చేతికొచ్చిన మొదటి కూలి డబ్బు అమ్మీ చేతిలో పెట్టినప్పుడు ఆ ఇంట్లో కలిగే సంతోషం చిన్నది కాదు.

చిక్కు జూన్‌లో వస్తుంది. పని నేర్చుకున్న కుర్రాణ్ని షాపు యజమాని వదులుకోడు. "ఇంకో రెండు నెలలు ఉండు, జీతం పెంచుతా" అంటాడు. అప్పటికి ఇంట్లో ఆ డబ్బుకు ఒక ఖర్చు కుదిరిపోయి ఉంటుంది. చెల్లెలి స్కూలు ఫీజో, చిట్టీ వాయిదానో దానిమీదే నడుస్తుంటుంది. మరోవంక కాలేజీలో తరగతులు ఇంకా సరిగా మొదలు కాలేదని తెలుస్తుంది. వారం గడుస్తుంది, నెల గడుస్తుంది. చదువు మానేద్దామని ఆ ఇంట్లో ఎవరూ నిర్ణయం తీసుకోలేదు. కానీ చదువు మానేయడం జరిగిపోయింది.

ఇక్కడ రంజాన్ విషయం కూడా చెప్పుకోవాలి. చాంద్రమాన సంవత్సరం చిన్నది కనుక రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2018లో అది మే నడిమిన మొదలైంది. అప్పట్లో రంజాన్ సీజన్‌లో బట్టల దుకాణాల్లో, హలీం బట్టీల దగ్గర రాత్రిళ్లు పనిచేసిన విద్యార్థులకు కాలేజీ సెలవులే గనుక హాజరు నష్టం ఉండేది కాదు. 2025లో రంజాన్ మార్చి మొదట్లోనే వచ్చింది. అంటే రెండో సెమిస్టర్ తరగతులు సాగే రోజుల్లో అన్నమాట. అదే పని ఇప్పుడు హాజరును తినేస్తుంది. స్కాలర్‌షిప్‌కూ, పరీక్షకూ 75 శాతం హాజరు నిబంధన అడ్డు నిలుస్తుంది. ఈ మార్పును చాలా ఇళ్లలో ఇంకా లెక్కలోకి తీసుకున్నట్టు లేదు.

పద్దెనిమిది నిండిన అమ్మాయి

అమ్మాయిల సెలవులు మరో రకం. డిగ్రీ మొదటి ఏడాది ముగిసేసరికి చాలామందికి 18 ఏళ్లు నిండుతాయి. చట్టం పెళ్లికి అనుమతించే వయసు అదే. తెలంగాణలో 2014లో మొదలైన షాదీ ముబారక్ సాయం అందడానికి వధువుకు నిండాల్సిన వయసూ అదే. వేసవి పెళ్లిళ్ల కాలం. ఇంటికి బంధువులు వస్తారు. ఖాలా ఒక సంబంధం గురించి చెబుతుంది, ఫుప్పీ ఇంకొకటి తెస్తుంది. అమ్మాయి ఇంట్లోనే కనిపిస్తుంది కాబట్టి మాట కూడా సులువుగా కదులుతుంది. తరగతులు జరిగే రోజుల్లో "చదువుకుంటోంది" అన్న ఒక్క మాటతో ఆగే ప్రస్తావన, సెలవుల్లో ఆగదు.

సంబంధాలు చూడవద్దని మేము అనడం లేదు. నిశ్చయం చేసుకునేటప్పుడు చదువు సంగతి స్పష్టంగా మాట్లాడుకోవాలంటున్నాం. "పెళ్లయ్యాక చదివిస్తాం" అన్న మాట పెద్దల సమక్షంలో అనిపించుకుంటే చాలదు. ఏ కాలేజీ, రోజూ ఎలా వెళ్తుంది, పరీక్ష ఫీజు ఎవరు కడతారు, అత్తగారి ఊరు వేరైతే బదిలీ ఎలా అన్నవి కూడా తేల్చుకోవాలి. మెహర్ గురించి అంత జాగ్రత్తగా మాట్లాడుకునే మనం, మూడేళ్ల చదువులో మిగిలిన రెండేళ్ల గురించి మాట్లాడుకోలేమా?

ప్రకటించని సెలవులు

క్యాలెండర్‌లో లేని సెలవులు కూడా ఉన్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకుపోయినప్పుడు ఆ డబ్బు మీదే నడిచే చిన్న కాలేజీలు అధ్యాపకులకు జీతాలు, భవనానికి అద్దె ఇవ్వలేక తలుపులు మూస్తాయి. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం బంద్ పాటించడం పాఠకులకు తెలిసిందే. యాజమాన్యాలకు, ప్రభుత్వాలకు మధ్య చర్చలు జరుగుతాయి, హామీలు వస్తాయి, మళ్లీ బకాయిలు పడతాయి. విద్యార్థి పోగొట్టుకున్న రోజుల గురించి మాత్రం ఆ చర్చల్లో ఎవరూ మాట్లాడరు.

పథకాన్ని ప్రకటించడం ఎంత ముఖ్యమో, డబ్బు వేళకు ఇవ్వడం అంతే ముఖ్యం. ఫీజు రాలేదని కాలేజీ మెమోలు ఆపితే, పేదవాడు వేరే చోటికి పోలేడు, అక్కడే కొనసాగనూ లేడు. ఈ విషయంలో ఏ పార్టీ అధికారంలో ఉన్నా మనం అడగాల్సింది ఒకటే. ఏటా సెలవులు ముగిసేలోగా ఆ ఏడాది బకాయి తీరాలి.

నూట ఎనభై గంటల అవకాశం

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి అమల్లోకి వచ్చిన డిగ్రీ పాఠ్య ప్రణాళికలో ఒక మంచి అంశం ఉంది. మొదటి ఏడాది తర్వాత వచ్చే వేసవి సెలవుల్లో విద్యార్థి రెండు నెలల కాలంలో 180 గంటలు సమాజ సేవా ప్రాజెక్టు చేయాలి. దానికి 4 క్రెడిట్లు ఉంటాయి. ఒక వాడనో గ్రామాన్నో ఎంచుకుని ఇంటింటి సర్వే చేయడం, అక్కడి సమస్య ఒకటి పట్టుకుని ప్రజల్లో అవగాహన కలిగించడం, రోజువారీ పనిని లాగ్ బుక్‌లో రాసి చివరకు నివేదిక సమర్పించడం దీని పద్ధతి.

సెలవుల్లో తెగిపోయే దారాన్ని పట్టి ఉంచేది ఇలాంటి పనే. మాస్టారితో మాట పోదు, కాలేజీ మాట మనసులోంచి పోదు. అయితే ఆచరణలో ఎందరో విద్యార్థులు దీన్నొక కాగితాల తతంగంగా చూస్తున్నారు. నిరుటి సీనియర్ నివేదికలో ఊరి పేరు మార్చి ప్రింటు తీయిస్తే పని అయిపోతుందనుకుంటున్నారు. ఇది నష్టం. తన వాడలో ఎన్ని ఇళ్లున్నాయో, బడి మానేసిన పిల్లలు ఎందరో, వితంతు పింఛను అందనివారు ఎవరో ఒక కుర్రాడు నిజంగా లెక్క తీస్తే, ఆ వాడ పెద్దలకు అంతకంటే పనికొచ్చే కాగితం ఇంకొకటి ఉండదు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు మాట్లాడే మన పిల్లలకు ఈ పని మరీ సులువు. అర్జీ రాయడం రాని ముసలమ్మ గోడు ఉర్దూలో విని, తెలుగులో దరఖాస్తు రాసిచ్చే విద్యార్థికి తన చదువు విలువ ఏమిటో ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు. ఇలాంటి నిబంధన లేని చోట కూడా ఈ పనిని పిల్లల చేత చేయించడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు.

మనం చేయగలిగింది

ప్రభుత్వాలు చేయాల్సింది ప్రభుత్వాలు చేయాలి. మన చేతుల్లో ఉన్న పనులు కూడా కొన్ని ఉన్నాయి.

ఒకటి, పిల్లవాడు సెలవుల్లో పనికి వెళ్తే, పని మానే తేదీని యజమానితో మొదటి రోజే చెప్పాలి. తండ్రో చాచానో వెళ్లి చెబితే ఆ మాటకు బరువు ఉంటుంది. సంపాదనలో కొంత భాగాన్ని పరీక్ష ఫీజుకూ, బస్ పాసుకూ పక్కన పెట్టాలి. మిగిలిందే ఇంటి ఖర్చుకు వాడుకోవాలి.

రెండు, సెమిస్టర్ ఫలితాలు తరచుగా సెలవుల్లోనే వస్తాయి. పేపరు తప్పిన సంగతి సిగ్గుతో దాచే పిల్లలు ఉంటారు. తప్పిన పేపర్లు పెరిగితే కాలేజీకి వెళ్లాలన్న ఉత్సాహమే పోతుంది. కోపగించుకోకుండా అడిగి తెలుసుకోవాలి. మళ్లీ రాయడానికి ఫీజు కట్టే గడువు దాటిపోకుండా చూడాలి. ఉర్దూ మీడియం నుంచి వచ్చి ఇంగ్లీషులో ఇబ్బంది పడే పిల్లలకు ఈ రెండు నెలలే ఊపిరి పీల్చుకునే వ్యవధి.

మూడు, మన పట్టణాల్లో చాలాచోట్ల షాదీఖానాలు ఉన్నాయి. పెళ్లిళ్లు లేని రోజుల్లో వాటికి తాళాలే కనిపిస్తాయి. ఫ్యాన్లు, కుర్చీలు, నీళ్లు ఉన్న ఆ హాళ్లను రోజుకు మూడు గంటలు చదువుకునే పిల్లలకు తెరిస్తే కమిటీలకు అయ్యే ఖర్చు కరెంటు బిల్లు మాత్రమే. డిగ్రీ పూర్తి చేసినవారు వారానికి ఒక రోజు వచ్చి కూర్చుంటే మొదటి ఏడాది పిల్లలకు కాలేజీలో దొరకని సీనియర్లు వాడలోనే దొరుకుతారు. అమ్మాయిలకు విడిగా వేళలు పెట్టడం పెద్ద కష్టమేమీ కాదు.

నాలుగు, కాలేజీ తెరిచిన మొదటి వారంలోనే మన వాడలో ఎవరు వెళ్లారు, ఎవరు వెళ్లలేదని ఒకరు తిరిగి చూడాలి. రెండు నెలలు ఆలస్యమైతే ఎవరి మాటా పనిచేయదు. మొదటి వారంలో అయితే ఒక్క పలకరింపు చాలు. జుమా నమాజు తర్వాత మసీదు బయట నిలబడి ఊరి రాజకీయాలన్నీ మాట్లాడుకుంటాం. "మీ అబ్బాయి కాలేజీకి వెళ్తున్నాడా?" అన్న మాట కూడా అందులో చేరితే చాలా ఇళ్లలో రెండో ఏడాది పుస్తకాలు తెరుచుకుంటాయి.