వాడ ముచ్చట్లు - 17: పొదగని కోడి

మా అమ్మకి సెంటు భూమి లేదు. ఓ కోళ్లగంప ఉండేది. పాత తట్టలో ఇసుక పోసి, గడ్డి పరిచి, పన్నెండు గుడ్లు పెట్టి, పొదుగుకొచ్చిన కోడిని కూర్చోబెట్టేది. వారం పోయాక రాత్రిపూట గుడ్డుని దీపానికి అడ్డం పెట్టి చూసేది. లోపల నరాలు కనపడకపోతే తీసేసేది. 21వ రోజుకి కిచకిచలు. నూకలు చల్లేది, గద్ద తిరిగే వేళకి గంప కమ్మేది. నా పదో తరగతి పరీక్ష ఫీజు ఆ గంపలోంచే వచ్చింది.

అమ్మ చదువుకి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు.

ఇప్పుడు పెరటికోళ్ల పథకాలంటే వనరాజా, గ్రామప్రియ పిల్లలు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధనా సంస్థ తయారుచేసిన రకాలు. నాటుకోడి కంటే గుడ్లు ఎక్కువ పెడతాయి, నిజమే. నేను వాటికి వ్యతిరేకం కాదు. కానీ అవి పొదగవు. మళ్లీ పిల్లలు కావాలంటే హేచరీ గడప తొక్కాల్సిందే. గుడ్డు మనకిచ్చి, పొదుగు వాళ్ల దగ్గరే పెట్టుకున్నారు. భూమి విషయంలో మనకి జరిగిందీ ఇదే కదా? పని మనది, పట్టా ఇంకొకరిది.

అందుకే అడగాల్సింది పిల్లల్ని మాత్రమే కాదు. నాటు పెట్టల్ని అడుగుదాం. వాడ ఆడవాళ్ల పేరున ఓ చిన్న ఇంక్యుబేటర్ అడుగుదాం. 37.5 డిగ్రీల వేడి, కాస్త తేమ, 18వ రోజు దాకా గుడ్లు తిప్పడం - మన అమ్మలకి ఇది రాని విద్యేం కాదు. మొదటి వారంలోనే కొక్కెర తెగులు టీకా చుక్క వాడకొచ్చి వేయాలని అడుగుదాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సెలవులకి ఇంటికెళ్తే కోడికూర తిని రావద్దు. గంప పక్కన కూర్చుని, అమ్మ చెప్పేది రాసుకుని రండి.

జై భీమ్.