ఢిల్లీలో కోత – మన వీధిలో వాత

వర్షాకాలం ముగిసే నాటికి మస్జిదు వెనుక గదిలో ఒక బల్ల వేసుకుని కూర్చోవడం మాకు చాలా కాలంగా అలవాటు. ఉపకారవేతనాల దరఖాస్తుల కాలం అది. ఆదాయ ధ్రువపత్రం, ఆధార్ నకలు, బ్యాంకు పాసుపుస్తకం, మార్కుల జాబితా అన్నీ సంచిలో పెట్టుకుని తల్లులు ఉదయం నుండే వచ్చేవారు. ఒకప్పుడు ఆ వరుస గుమ్మం దాటి వీధి మలుపు దాకా ఉండేది. ఇప్పుడు మధ్యాహ్నం జుహర్ నమాజు వేళకే బల్ల ఎత్తేస్తున్నాం. పేదరికం తగ్గినందువల్ల కాదు. దరఖాస్తు పెట్టే అర్హతే తీసివేశారు గనుక.

ఈసారి ఒక తల్లి ఆరో తరగతి చదివే కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. అన్ని కాగితాలూ తెచ్చింది. తొమ్మిది, పది తరగతులకే తప్ప మిగిలిన వారికి లేదని చెప్పాం. “మా పెద్దదానికి అయిదో తరగతిలో వచ్చింది కదా చాచా, ఈ చిన్నది ఏం పాపం చేసింది?” అని అడిగింది. ఆమెకు ఆ రోజు మేము సరైన జవాబు చెప్పలేకపోయాం. ఆ జవాబు కొరకే ఈ వ్యాసం.

మైనారిటీ విద్యార్థుల ప్రీ మెట్రిక్ ఉపకారవేతనం 2008లో మొదలైంది. అంతకు రెండేళ్ల ముందు, 2006 నవంబరులో సచార్ కమిటీ తన నివేదిక ఇచ్చింది. ఆరు నుండి పద్నాలుగేళ్ల వయసున్న ముస్లిం పిల్లల్లో 25 శాతం మంది బడి ముఖమే చూడనివారో, చూసి మానేసినవారో అని ఆ నివేదిక తేల్చింది. ఆ గాయానికి వేసిన చిన్న కట్టు ఈ ఉపకారవేతనం. అయిదో తరగతి వరకు ఇంటి నుండి బడికి వెళ్లే బిడ్డకు నెలకు 100 రూపాయల చొప్పున పది నెలలకు 1,000 రూపాయలు. పెద్ద మొత్తమేమీ కాదు. అయినా జూన్ మాసంలో సంచీ, బూట్లు, నోటు పుస్తకాలు కొనలేక బడి మాన్పించే ఇంటికి అది ఎంతో మా బల్ల దగ్గర కూర్చున్నవారికి తెలుసు.

2022–23 నుండి ఒకటి నుండి ఎనిమిది తరగతుల పిల్లలకు దానిని ఆపివేశారు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి వరకు చదువు ఎలాగూ ఉచితమే కదా, ఇతర వర్గాలకూ తొమ్మిది, పది తరగతులకే ఇస్తున్నారు కదా అన్నది కేంద్రం చెప్పిన కారణం. ఈ వాదన వినడానికి న్యాయంగానే ఉంటుంది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ నుండే అమలులో ఉంది. ఆ తరువాత పన్నెండేళ్ల పాటు చట్టమూ ఉంది, ఉపకారవేతనమూ ఉంది. రెండూ ఒకదానికొకటి అడ్డు కాలేదు. 2022లో హఠాత్తుగా అడ్డు ఎట్లా అయ్యాయి? ఇక ఇతర వర్గాలకు ఇవ్వడం లేదు గనుక మీకూ తీసివేస్తాం అనడం ఏ పద్ధతి? సమానత్వం కావలసి వస్తే దళిత, ఆదివాసీ బిడ్డలకు కూడా ఒకటో తరగతి నుండి ఇవ్వవచ్చు. పై మెట్టు మీద ఉన్నవానిని కిందికి లాగి సమానత్వం అనడం మా ఎరుకలో లేదు.

మేము ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగిరీ చేసినవాళ్లం. బడ్జెట్ పుస్తకం చదవడం మాకు పత్రికల వలన కాక, బల్ల మీది ఫైళ్ల వలన అబ్బిన విద్య. కొద్ది అంకెలు పాఠకుల ముందు ఉంచుతాం. ప్రీ మెట్రిక్ ఉపకారవేతనాలకు 2022–23 బడ్జెట్లో చూపిన మొత్తం 1,425 కోట్లు. మరుసటి ఏడు 433 కోట్లు. ఆ మరుసటి ఏడు 326 కోట్లు. 2025–26లో 195.70 కోట్లు. పోస్ట్ మెట్రిక్ ఉపకారవేతనాలు ఒక్క ఏడాదిలో 1,145 కోట్ల నుండి 414 కోట్లకు దిగాయి. వృత్తి, సాంకేతిక విద్యకు ఇచ్చే ప్రతిభా వేతనం 7.34 కోట్లకు చేరింది. అది 2022–23లో 365 కోట్లు. మదరసాల విద్యా పథకం 160 కోట్ల నుండి మెట్లు దిగి ఒక లక్ష రూపాయల దగ్గర ఆగింది. దేశం మొత్తానికి ఒక లక్ష! పద్దు మూసివేశామన్న మాట రాకుండా పద్దు పేరును బ్రతికించి ఉంచడానికి వేసే అంకె అది. మౌలానా ఆజాద్ పేరు మీది పరిశోధక వేతనాన్ని 2022 డిసెంబరులో ఆపివేస్తున్నట్టు పార్లమెంటులోనే ప్రకటించారు.

మంత్రిత్వశాఖ మొత్తం కేటాయింపు ఇటీవల కొంత పెరిగింది కదా అని అడిగేవారున్నారు. నిజమే, 2024–25లో 3,183 కోట్లు ఉన్నది 2025–26లో 3,350 కోట్లు అయింది. కట్టడాలు కట్టే జన వికాస కార్యక్రమానికి ఎక్కువ చూపించారు. అయితే పాఠకులు ఒక కిటుకు గమనించాలి. బడ్జెట్ పుస్తకంలో ఒకే పద్దుకు మూడు గడులుంటాయి: అంచనా, సవరించిన అంచనా, వాస్తవ వ్యయం. ఫిబ్రవరిలో ఉపన్యాసం వినేదీ, మరుసటి రోజు పత్రికల్లో చదివేదీ మొదటి గడి. కోత జరిగేది రెండో గడిలో. 2022–23లో ఈ శాఖకు 5,020.50 కోట్లు అని ప్రకటించారు. ఏడాది చివర సవరించిన అంచనాలో అది 2,612.66 కోట్లయింది. సగం పోయింది. చప్పట్లు మొదటి గడికి, కన్నీళ్లు రెండో గడికి. కాబట్టి పెరిగిన అంకెను చూసి మేము తొందరపడి సంతోషించము.

ఇది బడి సంగతి. నగరం సంగతి దీనికంటె తక్కువదేమీ కాదు. 2001 జనగణన ప్రకారం దేశ జనాభాలో పట్టణవాసులు 27.8 శాతం కాగా ముస్లింలలో 35.7 శాతం. మన తెలుగునాట పాత హైదరాబాదు, కర్నూలు, కడప, మా గుంటూరు చూసినవారికి అంకెలతో పని లేదు. మనకు పొలాలు లేవు. ఉన్నది పట్టణంలో ఒక ఇరుకు గది, ఒక చేతిపని, ఒక ఆటో, ఒక బండి. మురుగు కాలువ, కుళాయి, అంగన్‌వాడీ, పట్టణ ఆరోగ్య కేంద్రం ఇవి సరిగా లేకపోతే డబ్బున్నవాడు నీళ్ల డబ్బా కొంటాడు, ప్రైవేటు ఆసుపత్రికి పోతాడు. మన బస్తీకి ఆ దారి లేదు.

ఢిల్లీలో డబ్బు బిగిస్తే మన కాలువ ఎట్లా పూడుకుంటుంది? పెట్రోలుతో మొదలుపెడదాం. 2022 మే తరువాత లీటరు పెట్రోలు మీద కేంద్రం వసూలు చేసిన సుంకం 19.90 రూపాయలు. ఇందులో రాష్ట్రాలతో పంచుకోవలసిన మూల సుంకం 1.40 రూపాయలు మాత్రమే. తక్కినదంతా సెస్సులు, ప్రత్యేక అదనపు సుంకం అనే పేర్లతో ఉంటుంది గనుక ఢిల్లీ దాటి రాదు. 1.40లో 41 శాతం అంటే 57 పైసలు. దేశంలోని రాష్ట్రాలన్నీ కలిసి పంచుకునేది ఆ 57 పైసలు. మా వీధిలో ఆటో నడిపే కుర్రవాడు రోజూ సుంకం కడుతూనే ఉన్నాడు. అతని ఇంటి ముందు కాలువకు అందులో ఎంత తిరిగి వస్తుందో ఆలోచించండి. కేంద్రం మొత్తం పన్ను రాబడిలో ఈ సెస్సులు, సర్‌చార్జీల భాగం 2011–12లో సుమారు పది శాతం ఉండగా పదేళ్లలో ఇరవై శాతం దాకా వచ్చింది. పంచే పళ్లెం చిన్నదయింది. ఆ పళ్లెంలోనూ మన భాగం తగ్గింది. పద్నాలుగో ఆర్థిక సంఘం ఆంధ్రప్రదేశ్‌కు 4.305 శాతం ఇస్తే పదిహేనవది 4.047 శాతం ఇచ్చింది. తెలంగాణకు 2.437 నుండి 2.102కు తగ్గింది. 2022 జూన్‌తో జీఎస్టీ పరిహారం ముగిసింది.

రాష్ట్రానికి తగ్గితే రాష్ట్రం ఊరుకోదు, తన కింద ఉన్న పురపాలక సంఘం మెడ మీద చెయ్యి వేస్తుంది. పురపాలక సంఘం కింద ఇక మిగిలింది మనమే. 2020 మేలో రాష్ట్రాలు అదనంగా అప్పు చేసుకోవడానికి కేంద్రం అనుమతి ఇస్తూ, ఆస్తిపన్నును భూమి విలువతో ముడిపెట్టాలి, నీటికీ మురుగుకూ రుసుము నిర్ణయించాలి అనే షరతును అందులో చేర్చింది. ఆంధ్రప్రదేశ్ మొదటి వరుసలోనే తలవంచి చట్టం సవరించింది. ఇంటి పన్ను ఏటా 15 శాతం దాకా పెరిగే ఏర్పాటు అట్లా వచ్చింది. ‘చెత్త పన్ను’ అని జనం తిట్టుకున్న రుసుము కూడా ఆ కాలంలోనే ఇంటింటికీ వచ్చింది. తిట్లన్నీ వార్డు సచివాలయంలోని చిన్న ఉద్యోగికి, శాసనసభ్యునికి తగిలాయి. షరతు రాసిన చెయ్యి ఎవరికీ కనబడలేదు. సొంత ఇల్లు లేనివారికి బాధ లేదనుకోకండి. యజమాని కట్టిన పన్ను మరుసటి నెల అద్దెలో కలుస్తుంది.

కోత అన్నది ఎప్పుడూ తగ్గించడం రూపంలోనే రాదు. పెంచకపోవడం కూడా కోతే. కేంద్ర వృద్ధాప్య పింఛను పథకంలో ఎనభై ఏళ్లలోపు వారికి కేంద్రం ఇచ్చేది నెలకు 200 రూపాయలు. దాదాపు ఇరవై ఏళ్లుగా అదే 200. అప్పుడు ఆ డబ్బుతో వచ్చిన బియ్యం ఎంత, ఇప్పుడు వచ్చేది ఎంత? ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధుని చేతికి వస్తున్న 4,000లో, తెలంగాణలో వస్తున్న 2,016లో ఢిల్లీ భాగం ఆ మాత్రమే. అది కూడా పేదరిక రేఖకు దిగువన ఉన్నట్టు నమోదైనవారికే. అంగన్‌వాడీ టీచరు గౌరవ వేతనానికి కేంద్రం 2018 అక్టోబరులో నిర్ణయించిన లెక్క 4,500 రూపాయలు. అందులో అరవై శాతం, అంటే 2,700 కేంద్రానిది. మిగిలిన భారం రాష్ట్రం మోస్తున్నది. పట్టణ ఆరోగ్య కేంద్రాలను నడిపే ఆరోగ్య మిషన్‌లో కేంద్ర భాగం 2015లో 75 శాతం నుండి 60 శాతానికి దిగింది. ఈ భారాలన్నీ మోసిన తరువాత రాష్ట్రం దగ్గర కాలువలకు మిగిలేది ఏపాటిది?

తప్పంతా ఢిల్లీదే అని మేము అనము. అట్లా అంటే మా ఊరి చనిపోయినవారికి అన్యాయం చేసినవాళ్లం అవుతాం. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట, సంగడిగుంట ప్రాంతాల్లో మురుగు కలిసిన కుళాయి నీరు తాగి వందలమంది అతిసారం పాలయ్యారు. పలువురు ప్రాణాలు కోల్పోయారు. వారిలో మనవారే ఎక్కువ ఉండే వీధులవి. ఆ నగరంలో కేంద్ర సహాయంతో మొదలైన భూగర్భ డ్రైనేజీ పనులు నడుమ ఆగి, తవ్విన వీధులు ఏళ్ల తరబడి అట్లాగే పడి ఉన్నాయి. ఇక్కడి అలసత్వానికి ఇక్కడివారే బాధ్యులు. కాగితం మీద ఖర్చు చూపించక, వినియోగ ధ్రువపత్రం సకాలంలో పంపక, తరువాతి వాయిదాను పోగొట్టుకున్న కార్యాలయాలను మేము లోపల ఉండి చూశాం. ఆ ధ్రువపత్రం పంపలేదన్న సాకు ఢిల్లీకి ఎంత ఇష్టమో కూడా చూశాం. ఒకడు పంపడు, రెండోవాడు ఇవ్వడు. ఇద్దరి ఫైళ్లూ సక్రమంగానే ఉంటాయి.

ఉపకారవేతనాల్లో దొంగలు పడ్డారు కదా అని కూడా అంటారు. పడ్డారు. 2023లో కేంద్రమే 1,572 సంస్థలను తనిఖీ చేయించి 830 బూటకమని తేల్చి, 144.83 కోట్లు పోయాయని లెక్క చెప్పి, సీబీఐకి అప్పగించింది. మంచిదే, జైలుకు పంపండి. మన పేరు చెప్పి మన బిడ్డల సొమ్ము తిన్నవాడు మన మతంవాడే అయినా మేము వాని పక్షాన నిలబడము. కాని ధాన్యం కొట్టులో ఎలుక పడితే బోను పెడతారు గాని, పిల్లలకు అన్నం మాన్పించరు.

మనలోని పెద్దలు కొందరు మరొక మాట అంటున్నారు. అది మాకు ఎక్కువ బాధ కలిగిస్తున్నది. “సర్కారు చుట్టూ ఎందుకు తిరగడం? జకాత్ ఉంది, సదఖా ఉంది, మన పిల్లల్ని మనమే చదివించుకుందాం” అంటున్నారు. చదివించండి. మేమూ ఏటా రంజానులో ఇంటింటికీ తిరుగుతున్నాం. అయితే జకాత్ పేదవాని హక్కుగా అల్లాహ్ నిర్ణయించినది. మురుగు కాలువలు తవ్వించడానికీ, అంగన్‌వాడీ జీతానికీ, ప్రభుత్వం ఎగ్గొట్టిన బాకీ పూడ్చడానికీ కాదు. అగ్గిపెట్టె కొన్నా పన్ను కడుతున్నాం, పెట్రోలు పోసినా కడుతున్నాం. కట్టిన పన్నుకు లెక్క అడగడం భిక్ష అడగడం కాదు. జకాత్ పేరు చెప్పి ఆ లెక్క అడగడం మానేస్తే, ఎగ్గొట్టినవానికి మనమే రసీదు రాసి ఇచ్చినట్టు.

ఊరేగింపులు మా వయసుకు చేతగావు. మాకు చేతనైనది కాగితం. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టవచ్చు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. మీ వార్డుకు పదిహేనవ ఆర్థిక సంఘం నిధుల్లో ఏ ఏడు ఎంత వచ్చింది, ఏ పనికి ఖర్చయింది, వినియోగ ధ్రువపత్రం ఏ తేదీన పంపారు, జన వికాస కార్యక్రమం కింద మీ పట్టణం నుండి ప్రతిపాదన వెళ్లిందా లేదా అని అడగండి. ప్రతిపాదనే వెళ్లలేదని జవాబు వస్తే కార్పొరేటరును నిలదీయండి. వెళ్లిందని, డబ్బు రాలేదని జవాబు వస్తే ఆ కాగితం మీ పార్లమెంటు సభ్యుని చేతికి ఇచ్చి, సభలో అడగమని చెప్పండి. వారు ఏ పార్టీవారైనా సరే. ‘మన మనిషి’ అని మొహమాటపడి ఊరుకున్న ఊళ్లలోనే కాలువలు ఎక్కువ పూడి ఉండడం మేము చూశాం.

మా మొహల్లా నుండి అటువంటి దరఖాస్తులు నాలుగు పంపాం. రాయడంలో సహాయం కావలసినవారు ప్రతి శుక్రవారం అసర్ తరువాత మస్జిదు వెనుక గదికి రావచ్చు. ఆ తల్లి పేరున పంపిన దరఖాస్తు అయిదోది. ఒకటి నుండి ఎనిమిది తరగతుల వరకు మా జిల్లాలో ఉపకారవేతనం ఆగిపోయిన పిల్లలు ఎందరు అని అందులో అడిగాం. సంతకం ఆమె చేతితోనే చేయించాం. ఉర్దూలో చేసింది.