మొలలేనని ఉపేక్షిస్తే ముప్పే!

పెద్దపేగు క్యాన్సర్ అరవై దాటిన వారికే వస్తుందన్న నమ్మకం పల్లెల్లోనే కాదు, పట్టణాల్లోనూ పాతుకుపోయింది. ముప్పై, నలభై ఏళ్ల వ్యక్తికి మలంలో రక్తం కనిపిస్తే మొలలని, కడుపు ఉబ్బరిస్తే గ్యాస్ అని, నీరసిస్తే రక్తం తక్కువైందని సరిపెట్టుకుంటున్నారు. యువకులను సైతం వదలని 'సిగ్నెట్ రింగ్ సెల్ కార్సినోమా' అనే అరుదైన క్యాన్సర్‌కు ఈ జాప్యమే ఊతమవుతోంది.

ఉంగరాన్ని పోలిన కణం

ఈ వ్యాధిలో కణం నిండా మ్యూసిన్ అనే జిగురు పదార్థం చేరి, కేంద్రకాన్ని ఒక అంచుకు నెట్టివేస్తుంది. సూక్ష్మదర్శినిలో అది ముద్ర ఉంగరంలా కనిపిస్తుంది కనుకనే ఆ పేరు. కణితిలో సగానికి మించి ఇలాంటి కణాలుంటేనే ఈ రకంగా నిర్ధారిస్తారు. ప్రపంచవ్యాప్తంగా పెద్దపేగు, మలాశయ క్యాన్సర్లలో దీని వాటా సుమారు ఒక శాతమే. అయితే ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు 800 మంది రోగుల వివరాలతో 2017లో ప్రచురించిన విశ్లేషణలో ఇది 13 శాతంగా తేలింది. ఆ రోగుల సగటు వయసు 47 ఏళ్లే కావడం గమనార్హం. పెద్దాసుపత్రులకు క్లిష్టమైన కేసులే ఎక్కువగా వస్తాయి కనుక ఈ లెక్కను దేశమంతటికీ వర్తింపజేయలేం. అలాగని కొట్టిపారేయనూ లేం.

గోడలోనే మాటు

పెద్దపేగు క్యాన్సర్లలో అత్యధికం పిలకలా మొదలై పేగు లోపలికి కణితిగా పెరుగుతాయి. ఈ రకంలో మాత్రం కణాలు విడివిడిగా పేగు గోడలోకి చొచ్చుకుపోతాయి. గోడ మందమై బిగుసుకుపోతుంది. పైపొర మామూలుగానే ఉంటే కొలొనోస్కోపీలోనూ వాపుగా పొరబడే అవకాశముంది. పైపైన తీసిన ముక్కలో క్యాన్సర్ కణాలు చిక్కకపోవచ్చు. అనుమానం తీరకుంటే మరోసారి లోతుగా ముక్క తీసి పరీక్షించాల్సిందే. సాధారణ రకం ఎక్కువగా కాలేయానికి పాకితే, ఇది ఉదరపు పొరకు, స్త్రీలలో అండాశయాలకు విస్తరిస్తుంది. అందుకే గుర్తించేసరికి చాలామందిలో మూడో, నాలుగో దశకు చేరుతోంది.

పరీక్షల జాబితాలో చోటేదీ?

శస్త్రచికిత్స, కీమోథెరపీలే ప్రధాన చికిత్సలు. కణితిలో డీఎన్ఏ మరమ్మతు లోపం ఉన్నట్లు తేలిన కొందరికి ఇమ్యునోథెరపీ ఉపకరిస్తోంది. ఎంత త్వరగా గుర్తిస్తే అంత మేలు. కానీ 30 ఏళ్లు దాటిన వారికి ఉద్దేశించిన జాతీయ కార్యక్రమంలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలే ఉన్నాయి. పెద్దపేగుకు చోటు దక్కలేదు. ఆ లోటు తీరేవరకు రోగి అప్రమత్తతే రక్ష.

మలవిసర్జన అలవాటు మారి వారాల తరబడి కొనసాగినా, మలంలో రక్తం పడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గినా, ఐరన్ మాత్రలకు రక్తహీనత లొంగకున్నా వైద్యుణ్ని సంప్రదించాలి. రక్తసంబంధీకుల్లో చిన్న వయసులో పేగు లేదా గర్భాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ సంగతి తప్పక చెప్పాలి. ఇవన్నీ క్యాన్సర్ లక్షణాలే కానక్కరలేదు. కానీ పరీక్షించకుండా మొలలని తీర్మానించే హక్కు రోగికీ లేదు, రహదారి పక్కన బోర్డు పెట్టుకుని మందు ఇచ్చేవారికీ లేదు.