స్లాబు ఇంటికి చూరు

మార్చి 20, పిచ్చుకల దినం, దగ్గర పడేసరికి బజార్లో ప్లాస్టిక్ పిచ్చుక గూళ్లు అమ్మకానికి వస్తాయి. ఎర్రవి, పసుపుపచ్చవి, ముందు ఓ చిన్న పుల్ల, పైన కొక్కెం. పిల్లలు ముచ్చటపడతారు, పెద్దలు కొని బాల్కనీ గ్రిల్లుకి తగిలిస్తారు. రోహిణి కార్తెలో ఆ బాల్కనీ మీద పడమటి ఎండ తిన్నగా పడుతుంది. మా ఏలూరు ఎండకి ఆ డబ్బా లోపల ఎంత వేడెక్కుతుందో మధ్యాహ్నం పూట చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. పిచ్చుకలు దాని జోలికి రాకపోవడమే నయం. వచ్చి గుడ్లు పెడితే పిల్లలు బతకవు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో చెక్కపని నేర్పే క్రాఫ్టు టీచరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు పొద్దున పూట పిచ్చుకల పెట్టెలు చేస్తుంటాను. అడిగినవాళ్లకి ఇస్తాను, ఎక్కడ తగిలించాలో వాళ్ల ఇంటికి వెళ్లి చూపిస్తాను. చూసిన కొద్దీ నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటే. పిట్టలకి గింజలు వేయడంలో మనవాళ్లకి లోటు లేదు. వాటికి ఉండటానికి చోటు, పిల్లలకి పెట్టడానికి పురుగు లేకుండా చేస్తున్నదీ మనమే.

సెల్‌టవర్ల వల్ల పిచ్చుకలు పోయాయని అందరూ అంటారు. 2018లో అదే కథతో ‘2.0’ సినిమా వచ్చాక ఆ మాట మరీ పాతుకుపోయింది. దానికి గట్టి రుజువు లేదు. మన దేశంలోని పక్షుల స్థితిగతుల మీద 2020లో వెలువడిన నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద పిచ్చుకల సంఖ్య ఇంచుమించు నిలకడగానే ఉంది. హైదరాబాదుతో సహా ఆరు మహానగరాల్లో మాత్రం క్రమంగా తగ్గుతోంది. ఎందుకు తగ్గుతోందో తెలుసుకోవాలంటే టవరు వైపు కాదు, మన గోడల వైపు చూడాలి.

పిచ్చుక మనిషి ఇంటిని నమ్ముకున్న పిట్ట. దానికి ఎక్కడో ఓ సందు కావాలి. పెంకుటింట్లో చూరు కింద వాసాల మధ్య, దూలం మీద, గోడకి వంచి కట్టిన పటాల వెనక, కరెంటు మీటరు చెక్క వెనక, ఎక్కడ పడితే అక్కడ ఆ సందు దొరికేది. ఇప్పుడు స్లాబు, పుట్టీ, అల్యూమినియం కిటికీ, దానికి దోమతెర. వేలు దూరే కంత కూడా ఉండదు. తిండి సంగతీ అంతే. మా అమ్మ రోజూ అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం చెరిగేది. నూకలూ, ఊకా వాకిట్లో పడేవి, పిచ్చుకలు ఆమె కాళ్ల దగ్గరికి వచ్చి ఏరుకునేవి. సార్టెక్స్ బియ్యం బస్తా ఇంటికొచ్చాక చేటకి పని పోయింది. నూక లేదు, మట్టిగడ్డ లేదు, వాకిలికి టైల్స్ వచ్చాయి.

అందుకే ముందు పెట్టె సంగతి చెబుతాను. అడుగు లోపలి కొలత ఆరంగుళాలకి ఆరంగుళాలు, ఎత్తు తొమ్మిది. చెక్క మందం ముప్పాతిక అంగుళానికి తగ్గకూడదు, పలచనైతే వేడి ఆగదు. కలప అడితిలో పక్కన పడేసిన టేకు ముక్కలు, పాత తలుపు చెక్కలు ఏవైనా సరే. ప్లైవుడ్ వద్దు, వానకి పొరలు లేస్తుంది. బయటివైపు చిత్రిక పట్టండి, లోపలివైపు మాత్రం పట్టకండి. నున్నటి చెక్క మీద పిల్లకి కాలు నిలవదు. గరుకుగా ఉంటే గోళ్లతో పట్టుకుని ద్వారం దాకా ఎక్కి వస్తుంది. ఆ ద్వారం అడుగు నుంచి ఆరంగుళాల ఎత్తున ఉండాలి, వ్యాసం అంగుళంపావు. రెండంగుళాలు చేశారా, గోరింకలు దిగిపోతాయి. ద్వారం కింద పుల్ల పెట్టొద్దు. పిచ్చుకకి దాని అవసరం లేదు. కాకికి ఉంది, దాని మీద కూర్చుని ముక్కు లోపలికి పెడుతుంది. బరమాతో అడుగున నాలుగు మూలలా చిన్న బెజ్జాలు వేస్తే వాన నీరు నిలవదు. మూత కిందుగా పక్క చెక్కల్లో రెండేసి వేస్తే గాలి ఆడుతుంది. పైమూత ముందుకి రెండంగుళాలు సాగాలి, బందు మీద తెరుచుకోవాలి, పిల్లలు ఎగిరిపోయాక పాతగూడు తీసి శుభ్రం చేయాలి కాబట్టి. రంగులు వేయకండి.

తూర్పుకో ఉత్తరానికో ముఖం పెట్టి, ఎనిమిది పది అడుగుల ఎత్తున, నీడలో బిగించండి. ఒక్కటే కాకుండా రెండు మూడు పెట్టండి, పిచ్చుకలకి ఇరుగుపొరుగు ఉంటేనే ధైర్యం. లోపల మీరేమీ పరచక్కర్లేదు, గడ్డీ ఈకలూ అవే తెచ్చుకుంటాయి. పెరట్లో నైలాన్ దారాలు, గాలిపటం మాంజా ముక్కలు మాత్రం పడి ఉండకుండా చూడండి. గూట్లోకి ఒక్క పోగు వెళ్లినా పిల్ల కాలికి చుట్టుకుంటుంది.

నా పనిబల్లకి ఎదురుగా గోడ మీద ఒక పెట్టె ఉంది. ముందు గొంతు కింద నల్లమచ్చ ఉన్న మగపిచ్చుక వచ్చి ద్వారం దగ్గర వాలి, ఆ చోటు తనదేనని గొంతు చించుకుంటుంది. జత కుదిరి గుడ్లు పెట్టాక పన్నెండు రోజుల్లో అవి పిల్లలవుతాయి, మరో రెండు వారాలకి పిల్లలు ఎగురుతాయి. ఆ రెండు వారాలూ చూడాలి వాటి పని. ఆడపిచ్చుక చిక్కుడు పాదులోంచి ఆకుపచ్చటి గొంగళిపురుగు పట్టుకొస్తుంది. పెట్టె మూత అంచుకేసి దాన్ని అటూ ఇటూ కొడుతుంది, మెత్తబడ్డాక లోపలికి దూరుతుంది. బయటికొచ్చేటప్పుడు ముక్కున తెల్లటి పొర చుట్టిన రెట్ట ఉంటుంది. దాన్ని దూరంగా పారేసి మళ్లీ పాదులోకే వెళ్తుంది. పక్కనే గిన్నె నిండా సజ్జలుంటే వాటివైపు చూడనైనా చూడదు.

కారణం ఉంది. గింజ తినేది పెద్ద పిచ్చుక. మొదటి రోజుల్లో పిల్లలకి పురుగే కావాలి. పురుగు లేని పెరట్లో పెట్టె పెట్టినా, గింజలు పోసినా పిల్లలు పెరగవు. చిక్కుడుకి పేనుబంక పట్టగానే మందు తెచ్చి కొట్టేవాళ్లకి నేను చెప్పేదిదే. వారం పది రోజులు ఆగండి. ఆ బంక తినడానికి అక్షింతల పురుగులు వస్తాయి. మరీ ఆగలేకపోతే నీళ్ల పైపుతో గట్టిగా కడిగేయండి. గులాబీ ఆకుల అంచున కత్తెరతో కత్తిరించినట్టు గుండ్రటి ముక్కలు పోయి ఉంటే అది తెగులు కాదు. ఆకులు కత్తిరించే ఒక రకం తేనెటీగ తన గూటికి పట్టుకెళ్లింది. కందిపూతకీ ఇతర పూలకీ పుప్పొడి అంటించేవాటిలో ఆ తేనెటీగలూ ఉన్నాయి. వాటికీ తుమ్మెదలకీ చోటు కావాలంటే ఎండు వెదురు ముక్కలు, ఒక చివర గణుపు ఉండేలా కోసి, కట్టగట్టి సన్‌షేడ్ కింద వాన తగలకుండా పెట్టండి. ఖర్చు లేని పని.

ఇక గింజలు. పావురాలకి బస్తాలకొద్దీ జొన్నలు పోయడాన్ని నేను సేవ అనను. హైదరాబాదులో మా అబ్బాయి వాళ్ల ఫ్లాట్ల చుట్టూ వలలు కట్టుకుని బతుకుతున్నారు. పావురాల రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకి చేటని డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. 2025లో ముంబైలో పావురాలకి గింజలు వేసే దాదర్ కబూతర్‌ఖానా మూసేస్తే ఎంత గొడవైందో చూశాం. రోజూ దొరికే ఉచిత జొన్నల వల్ల ఒక్క జాతి పెరిగిపోయి, మిగతా పిట్టలకి చోటు లేకుండా పోతోంది. గింజ వేయాలంటే చిన్న మూకుడులో గుప్పెడు కొర్రలో, నూకలో వేయండి. పొద్దువాలే లోపల అయిపోవాలి. మిగిలితే ఎలుకలు, వాటి వెనక పాములు. ఉప్పు వేసిన కారప్పూస, మిక్స్చరు పెట్టొద్దు.

అంతకంటే మంచిది వరి కుచ్చు. గోదావరి జిల్లాల్లో కొత్త ధాన్యం రాగానే కంకులు జడగా అల్లి ఇంటి చూరుకీ గుడి మంటపానికీ కట్టడం మనకి ఉన్నదే. పావురం బరువుకి ఆ కంకి ఊగిపోతుంది, నిలవలేదు. పిచ్చుక మాత్రం తలకిందులుగానైనా వేలాడి గింజ ఒలుచుకుంటుంది. ఇప్పుడు కుచ్చులు దొరకడం లేదంటే కారణం కోత యంత్రం. అల్లడానికి కాడ జానెడైనా ఉండాలి, అందుకు కొడవలితోనే కోయాలి. మారుటేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ అయినా, ఏ రకమైనా సరే, మరీ పండకముందు, మంచు తడి ఆరకముందు కోస్తే కాడ విరగదు, గింజ రాలదు. ప్రతి రైతూ గట్టు పక్కన నాలుగు మూరల మేర కోత యంత్రానికి వదలకుండా ఉంచితే ఊరంతటికీ కుచ్చులు వస్తాయి.

ఇక నీళ్లు. పిట్టలకి పెట్టే నీళ్ల మూకుడు లోతు రెండంగుళాలు మించకూడదు. మధ్యలో రాయి పెడితే తేనెటీగలు కూడా వాలి తాగుతాయి. డెంగీ భయంతో చాలామంది నీళ్లు పెట్టడం మానేస్తున్నారు. మానక్కర్లేదు. దోమ గుడ్డు దోమగా మారడానికి వారం పడుతుంది. మూడు రోజులకోసారైనా నీళ్లు పారబోసి, అంచుని కొబ్బరిపీచుతో తోమాలి. గుడ్లు ఆ అంచునే అంటుకుని ఉంటాయి, ఎండినా చావవు, అందుకే తోమడం ముఖ్యం.

“మాస్టారూ, రెట్టలు పడతాయండీ, మెట్లు పాడవుతాయి” అన్నారు ఒక అపార్టుమెంటు సెక్రటరీగారు, నేను తగిలించిన పెట్టెలు తీయించేస్తూ. రెట్టలు పడతాయి, నిజమే. కింద ఓ పాత గోనెసంచి పరిచి వారానికోసారి దులిపితే తీరే పని అది. ఆయన కారణం చెప్పారు కాబట్టి మాట్లాడటానికైనా వీలుంది. నాకు బాధ కలిగించేది బడుల సంగతి. నా తర్వాత మా బడిలో క్రాఫ్టు టీచరు రాలేదు. రంపాలు, ఉలులు బీరువాలో తుప్పు పట్టాయి. ఎనిమిదో తరగతి పిల్లలు వారంలో రెండు పీరియడ్లలో ఒక పెట్టె చేయగలరు. కొలత, కోణం, వ్యాసం అన్నీ అందులోనే వస్తాయి. ప్లాస్టిక్ గూడు కొని పంచిపెట్టే స్వచ్ఛంద సంస్థలు ఆ డబ్బుతో బడికి ఒక బరమా, నాలుగు రంపాలు కొనివ్వాలి.

పురపాలక సంఘాలు చేయగలిగింది ఇంకా పెద్దది. ఇంగ్లండులో బ్రైటన్ నగరం 2020 నుంచి, 5 మీటర్లకి మించి ఎత్తు కట్టే కొత్త భవనాల గోడల్లో స్విఫ్ట్ అనే పిట్టల కోసం గుల్ల ఇటుకలు పెట్టాలని షరతు పెట్టింది. అలాంటి ఇటుకల్లో పిచ్చుకలు కూడా గూళ్లు కడతాయి. మన దగ్గర ఇల్లు కట్టాలంటే ఇంకుడు గుంత చూపించాలన్న నిబంధన ఉంది కదా. ఆ ప్లాను కాగితంలోనే, ప్రతి అంతస్తుకీ నీడపట్టు గోడలో, సన్‌షేడ్ కింద, అంగుళంపావు ద్వారం ఉన్న గుల్ల ఇటుకలు రెండు అని ఒక వాక్యం చేర్చాలి. మేస్త్రీకి అది ఒక పూట పని కూడా కాదు.