తెర మీద వెక్కిరింత ఇక చాలు

స్వలింగ సంపర్కం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తేల్చింది. ట్రాన్స్‌జెండర్లను మూడో జెండర్‌గా 2014లోనే గుర్తించింది. చట్టం మారినా మన తెర తీరు పెద్దగా మారలేదు. వయ్యారంగా నడిచే మగ పాత్ర కనిపిస్తే నవ్వాల్సిందే అన్నది దశాబ్దాలుగా మన కామెడీ ట్రాకుల సూత్రం. ఆ సన్నివేశానికి ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వుతుంటే, వారి పక్కనే కూర్చుని, తానూ అలాంటివాణ్నేమోనని లోలోపల మథనపడే పదిహేనేళ్ల పిల్లవాడి సంగతేమిటి? మనసులో మాట చెబితే తనకూ ఆ నవ్వే ఎదురవుతుందని నోరు కుట్టేసుకుంటాడు. మర్నాడు బడిలో ఆ డైలాగే ఏడిపించడానికి ఆయుధమవుతుంది.

గౌరవంగా చూపడం అసాధ్యమేమీ కాదు. 2018 నాటి ‘అ!’ సినిమా ఇద్దరు అమ్మాయిల ప్రేమను కథలో భాగం చేసింది. 2023లో మలయాళ చిత్రం ‘కాథల్’లో మమ్ముట్టి అంతటి అగ్రనటుడు స్వలింగ ప్రేమికుడి పాత్ర పోషించారు.

ఇలా గౌరవంగా చూపే బాధ్యత వార్తా మాధ్యమాలకూ ఉంది. ట్రాన్స్‌జెండర్లను నేరవార్తలకే పరిమితం చేయడం అన్యాయం. మద్రాసు హైకోర్టు చొరవతో తమిళనాడు ప్రభుత్వం 2022లో ఈ వర్గాలను గౌరవంగా ప్రస్తావించే పదాల పట్టికను వెలువరించింది. రెండు తెలుగు రాష్ట్రాలూ అదే బాట పట్టాలి. రచయితలు, దర్శకులు, సంపాదకులు కలం పట్టే ముందు లోలోపల మథనపడే ఆ పదిహేనేళ్ల పిల్లవాణ్ని తలచుకోవాలి. అవమానించే హాస్యాన్ని ప్రేక్షకులు తిరస్కరించాలి.