దొంగ కుస్తీ, డ్రాఫ్టు బేరం, గంజాయి ఆకు

ముందే చెప్పేస్తున్నా. ఇది గంజాయి తాగమని చెప్పే టపా కాదు, తాగినవాళ్ళని ఊరేగించి కొట్టమని చెప్పేదీ కాదు. ఆ రెండు రకాలూ కావల్సినన్ని దొరుకుతాయి. నా గోలంతా ఒక్క మాట మీద. "ప్రమాదం". ఆ మాట ఎవరు అంటున్నారు, ఎవరి లాభం కోసం అంటున్నారు? అమెరికాలో సోమవారం కుస్తీ, ఆదివారం ఫుట్‌బాలూ (కాలితో తన్నేది కాదు, ఆ కోడిగుడ్డు ఆకారం బంతి) చూసే మనవాళ్ళు ఈ ప్రశ్న వేసుకోకుండానే వాదించేసుకుంటున్నారు. ఒకడు "గంజాయి కొట్టేవాళ్ళని టీముల్లోకి ఎలా తీసుకుంటారండీ" అంటాడు. ఇంకొకడు "అది మూలిక మాస్టారూ, ఎవడూ చావలేదు" అంటాడు. ఇద్దరూ ఎవరో రాసిచ్చిన డైలాగే చెప్తున్నారని నా అభిప్రాయం.

కుస్తీతో మొదలెడదాం. మన తరంలో చాలామందికి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అంటే కేబుల్ టీవీ, ట్రంప్ కార్డులు. అండర్‌టేకర్ ఏడుసార్లు చచ్చి బతికాడని క్లాసులో ఒట్టేసి చెప్పినవాళ్ళు ఇప్పుడు ప్రాజెక్ట్ మేనేజర్లు. పెద్దయ్యాక "అదంతా దొంగ కుస్తీరా" అని తేల్చేసి చేతులు దులిపేసుకున్నారు. ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారు, నిజమే. కానీ నిచ్చెన మీంచి పడే ఒళ్ళు నిజం, వీపు నొప్పి నిజం, ఆ నొప్పికి మింగే మాత్రా నిజమే. కథ అబద్ధమైనంత మాత్రాన ఎముక అబద్ధం కాదు కదా!

ఇందులో తమాషా ఏంటంటే, "మాది ఆట కాదు, వినోదం" అని మొదట ఒప్పుకున్నది కంపెనీయే. 1989లో విన్స్ మెక్‌మాన్ కంపెనీ న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ దగ్గర ఆ మాటే చెప్పింది. ఏదో సత్యం మీద ప్రేమ పుట్టి కాదు లెండి. ఆట అయితే అథ్లెటిక్ కమిషన్ అజమాయిషీ, పన్నులు, డాక్టర్ల తనిఖీలు ఉంటాయి. నాటకం అయితే ఆ గొడవ లేదు. పైగా కుస్తీ వీరులు ఉద్యోగులు కారు, "ఇండిపెండెంట్ కాంట్రాక్టర్లు". మన భాషలో చెప్పాలంటే బెంచ్ మీద కూర్చోబెట్టి జీతం ఇవ్వని కన్సల్టెన్సీ లాంటిదన్నమాట.

ఆ తర్వాత ఏం జరిగిందో అందరికీ తెలుసు. పెన్సిల్వేనియా కమిషన్ తరఫున రింగ్ పక్కన కూర్చునే డాక్టరు జార్జ్ జహోరియన్‌కి స్టెరాయిడ్లు అమ్మినందుకు 1991లో శిక్ష పడింది. 1994లో మెక్‌మాన్ మీదా కేసు నడిచింది, నిర్దోషిగా బయటపడ్డాడు. 2005 నవంబర్లో ఎడ్డీ గెరెరో 38 ఏళ్ళకే హోటల్ గదిలో గుండె జబ్బుతో పోయాడు. అప్పుడుగానీ కంపెనీకి మెలకువ రాలేదు. 2006లో "వెల్‌నెస్" అనే పేరుతో పరీక్షలు మొదలెట్టారు. 2007 జూన్‌లో క్రిస్ బెన్వా భార్యనీ, ఏడేళ్ళ కొడుకునీ చంపి తనూ ఉరేసుకున్నాడు. టీవీ వాళ్ళు స్టెరాయిడ్ల కోపం అని ఊదరగొట్టారు. తర్వాత అతని మెదడు పరీక్షించిన డాక్టర్లు అది దెబ్బల వల్ల దారుణంగా పాడైందని చెప్పారు.

ఇప్పుడు మధ్యలో జరిగిన ఇంకో సంగతి చూడండి. 2006 జూలై మొదటివారం. రాబ్ వాన్ డామ్ అప్పుడు ఒకేసారి రెండు టైటిళ్ళు ఉన్న ఛాంపియన్. ఒహాయోలో కారు ఆపిన పోలీసులకి గంజాయి, నొప్పి మాత్రలు దొరికాయి. జూలై 3న ఒక బెల్టు పోయింది, 4న రెండోది పోయింది, 30 రోజులు సస్పెన్షన్. అదే కంపెనీ రూల్స్ బుక్కులో గంజాయి పరీక్షలో దొరికితే మాత్రం సస్పెన్షన్ కాదు, జరిమానా. తర్వాత్తర్వాత అది 2,500 డాలర్లు అయ్యింది. అంటే ఏంటి? లోపల దొరికితే డబ్బుతో పోతుంది, పేపర్లో పడితే బెల్టులు పోతాయి. శిక్ష పడింది ఆకుకి కాదు, ఫోటోకి.

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. బగ్‌కి సివియారిటీ వేరు, ప్రయారిటీ వేరు. డేటాబేస్‌ని నాశనం చేసే బగ్ ఎక్కడో మూల ఉంటే "తర్వాత చూద్దాం" అంటారు. హోమ్ పేజీలో కంపెనీ పేరు స్పెల్లింగ్ తప్పయితే అర్ధరాత్రి లేపి మరీ సరి చేయిస్తారు. నొప్పి మాత్రలు, స్టెరాయిడ్లు, తల దెబ్బలు డేటాబేస్ బగ్గులు. గంజాయి హోమ్ పేజీలో స్పెల్లింగ్ తప్పు. కంపెనీ తన లెక్క ప్రకారం కరెక్టే. ఆ ప్రయారిటీ లిస్టునే ఆరోగ్య సలహా అనుకుని చదువుకునే మన తెలివికి దండం పెట్టాలి.

ఇక ఫుట్‌బాలు. కుస్తీలో గెలుపు ముందే రాసుకుంటారు, ఇక్కడ అలా కాదు కాబట్టి వీళ్ళు పవిత్రులు అనుకోకండి. ప్రతి ఏడాదీ డ్రాఫ్టుకి ముందు ఇండియానాపోలిస్‌లో "కంబైన్" అని ఒకటి జరుగుతుంది. సంతలో ఎద్దు పళ్ళు పట్టి చూసినట్టు కుర్రాళ్ళ ఎత్తు, బరువు, అరచేతి వెడల్పు కొలుస్తారు, 40 గజాలు పరిగెత్తిస్తారు, మూత్రం కూడా పరీక్షిస్తారు. తర్వాత 32 టీములు, 7 రౌండ్లు. ముందు పేరు పిలిస్తే ఎక్కువ డబ్బు.

2016 ఏప్రిల్‌లో లారెమీ టన్సిల్ అనే కుర్రాడు మొదటి నాలుగైదుగురిలో పోతాడని అందరూ రాశారు. డ్రాఫ్టు మొదలయ్యే నిమిషాల ముందు అతని ట్విట్టర్ ఖాతాలో ఎవరో ఒక వీడియో పెట్టారు. గ్యాస్ మాస్క్ తగిలించుకుని పొగ పీలుస్తున్న వీడియో. అంతే, టీములన్నీ ఒక్కొక్కటే మొహం తిప్పేసుకున్నాయి, చివరికి 13వ స్థానంలో మయామీ తీసుకుంది. కొన్ని మిలియన్ల డాలర్ల నష్టం. మూడేళ్ళు తిరిగాక 2019లో అదే మనిషి కోసం హ్యూస్టన్ రెండు మొదటి రౌండు అవకాశాలు, ఒక రెండో రౌండు అవకాశం ధారపోసింది. అంతకుముందు ఏడాది, 2015లో, కంబైన్ పరీక్షలో గంజాయి దొరికిన రాండీ గ్రెగరీ మొదటి రౌండు నుంచి 60వ స్థానానికి జారాడు. మన డాలస్ తెలుగువాళ్ళ అభిమాన టీము కౌబాయ్స్ చవగ్గా కొట్టేశామని మురిసిపోయింది. అతను ఆ తర్వాత ఆడిన రోజులకన్నా సస్పెన్షన్లో ఉన్న రోజులే ఎక్కువ అన్నట్టు గడిచింది.

"చూశారా, టీములు భయపడింది నిజమే కదా" అంటారు. నిజమే. కానీ వాళ్ళు భయపడింది ఊపిరితిత్తుల గురించి కాదు, సస్పెన్షన్ గురించి. ఆ సస్పెన్షన్ పెట్టింది ఎవరు? లీగే. తనే గుంత తవ్వి, ఆ గుంతలో పడ్డవాణ్ణి చూపించి "వీడికి నడక రాదు" అనడం లాంటిది ఇది.

2014 ఇంకా దారుణం. కాబోయే భార్యని ఎలివేటర్లో స్పృహ తప్పేలా కొట్టిన రే రైస్‌కి లీగ్ మొదట వేసిన శిక్ష 2 మ్యాచ్‌లు. వీడియో బయటికొచ్చి జనం ఛీ కొట్టాక గానీ నిరవధిక సస్పెన్షన్ వేయలేదు. అదే వేసవిలో గంజాయి పరీక్షలో మళ్ళీ దొరికిన జోష్ గోర్డన్‌కి ఏడాది మొత్తం నిషేధం. తర్వాత దాన్ని 10 మ్యాచ్‌లకి తగ్గించారు. ఆడమనిషిని కొడితే 2, ఆకు కాలిస్తే 10. ఇది ఆరోగ్య విధానం అని ఎవరైనా నాకు చెప్తే వినాలని ఉంది.

అదే ఏడాది రిచర్డ్ డెంట్, జిమ్ మెక్‌మాన్ లాంటి మాజీ ఆటగాళ్ళు లీగ్ మీద దావా వేశారు. మమ్మల్ని మైదానంలో నిలబెట్టడానికి నొప్పి మాత్రలూ, ఇంజెక్షన్లూ విచ్చలవిడిగా ఇచ్చారు, ముప్పు ఏంటో చెప్పలేదు అని. లీగ్ ఒప్పుకోలేదనుకోండి. కానీ నొప్పి మందుల జాతి ఎలాంటిదో దేశం మొత్తం చూసింది. 2021 ఒక్క ఏడాదిలో ఓపియాయిడ్ల వల్ల అమెరికాలో పోయినవాళ్ళు 80 వేల పైచిలుకు.

ఇక లీగ్ పెట్టిన హద్దు చూడండి. మూత్రంలో మిల్లీలీటరుకి ఎన్ని నానోగ్రాములు దాటితే తప్పు అన్న లెక్క. 2014కి ముందు 15. తర్వాత 35. 2020 ఒప్పందంలో 150, పరీక్ష కూడా శిక్షణ శిబిరం మొదలైన కొద్ది రోజులకే పరిమితం, దొరికినా సస్పెన్షన్ లేదు. 2024 చివర్లో 350. ఆ మధ్యలో గంజాయి బలం తగ్గిందా? పట్టుబడ్డ సరుకులో మత్తునిచ్చే టీహెచ్‌సీ 1995లో 4 శాతం దాకా ఉండేది, 2021 నాటికి 15 శాతం దాకా వచ్చింది. సరుకు బలం పెరిగే కొద్దీ హద్దు సడలిస్తూ పోయారంటే, ఆ హద్దుకీ ఆరోగ్యానికీ సంబంధం ఎప్పుడూ లేదని కాదూ?

ఇక్కడ గంజాయి భక్తులు చప్పట్లు కొడతారని తెలుసు. ఆగండి, మీ దగ్గరికే వస్తున్నా.

నిన్నటిదాకా లీగ్ రాసిన స్క్రిప్టు "ఇది విషం". ఇప్పుడు గంజాయి కంపెనీలు రాస్తున్న స్క్రిప్టు "ఇది తులసి". రచయిత మారాడు, రాయడానికి కారణం మారలేదు. 2014 జనవరిలో కొలరాడోలో దుకాణాలు తెరిచారు, 2025 నాటికి 24 రాష్ట్రాలు సరదా వాడకానికీ ఒప్పుకున్నాయి. రంగురంగుల గమ్మీలు, చాక్లెట్లు, వేప్ పెన్నులు. "మన సాధువులు తాగలేదా" అనేవాళ్ళకి ఒకటే జవాబు. సాధువు తాగింది ఈ సరుకు కాదు బాబూ. ఇప్పుడు అమ్మే గాఢమైన రకాల్లో టీహెచ్‌సీ 60, 70 శాతం దాటిపోతోంది. కల్లు ముంతనీ బ్రాందీ సీసానీ ఒకటే అంటామా?

2017లో అమెరికా నేషనల్ అకాడెమీస్ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ వడపోసి ఒక నివేదిక ఇచ్చింది. దీర్ఘకాలిక నొప్పికి పెద్దవాళ్ళలో పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం ఉందంది. భక్తులు అంతవరకే చదువుతారు. అదే నివేదికలో రోడ్డు ప్రమాదాలకీ, స్కిజోఫ్రీనియా లాంటి మానసిక జబ్బులకీ, తక్కువ బరువుతో పుట్టే బిడ్డలకీ దీనితో సంబంధం ఉందనడానికి కూడా అంతే గట్టి ఆధారం ఉందని రాశారు. 2019లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చిన యూరప్ పరిశోధనలో, బలమైన రకాన్ని రోజూ వాడేవాళ్ళలో మతి చలించే జబ్బు అవకాశం అసలు వాడనివాళ్ళకన్నా దాదాపు ఐదు రెట్లు. వాడేవాళ్ళలో పదిమందికి ముగ్గురు మానలేని స్థితికి వస్తారని ఆరోగ్య శాఖ వాళ్ళ అంచనా. 2019-20లో వేప్ పెన్నుల వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 2,800 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, 68 మంది పోయారు. అందులో ఎక్కువ పాపం దొంగ సరుకులో కలిపిన విటమిన్ ఈ అసిటేట్‌ది. గమ్మీ సంగతి ఇంకోటి. తిన్న అరగంట నుంచి రెండు గంటల దాకా ఏమీ తెలీదు. "పనిచెయ్యట్లేదు" అని ఇంకోటి మింగుతారు, తర్వాత రెండూ కలిసి పనిచేస్తాయి.

"ఓవర్‌డోస్‌తో ఎవడూ చావలేదు" అన్నది దాదాపు నిజమే. కానీ చావకపోవడం ఒక్కటే క్షేమానికి కొలత అయితే, మోకాలు విరగ్గొట్టుకోవడం కూడా క్షేమమే.

ఇప్పుడు మనవాళ్ళకి అసలు కొంప ముంచే సంగతి. మనలో చాలామందిమి వీసా మీదో, గ్రీన్ కార్డు మీదో ఉన్నాం. "మా రాష్ట్రంలో లీగల్" అనే మాట ఇమిగ్రేషన్ ఆఫీసరు ముందు చెల్లదు. అతను చూసేది కేంద్ర చట్టం. కోర్టులో శిక్ష పడక్కర్లేదు, "అవును, తాగాను" అని ఒప్పుకున్నా దేశంలోకి రానివ్వకపోవడానికి అది కారణం కావచ్చు. పౌరసత్వం దరఖాస్తుల్లో రాష్ట్ర చట్టం ఒప్పుకున్నా గంజాయి వ్యవహారం "మంచి నడవడిక"కి అడ్డు రావచ్చని 2019 ఏప్రిల్‌లో యూఎస్‌సీఐఎస్ రాతపూర్వకంగానే చెప్పింది. గంజాయి వ్యాపారంలో ఉద్యోగం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. దీన్ని మూడో షెడ్యూలుకి మారుద్దామని 2024 మేలో ప్రతిపాదన వచ్చిందని సంబరపడేవాళ్ళకి ఒక మాట. ఏ షెడ్యూల్లో ఉన్నా అది నియంత్రిత పదార్థమే, ఇమిగ్రేషన్ చట్టానికి అది చాలు. టన్సిల్ వీడియోకి అతను ఏడెనిమిది స్థానాలు జారాడు. నీ ఫోన్లో ఉన్న వీడియోకి నువ్వు హైదరాబాదు దాకా జారతావు, నాయనా.

కాబట్టి మూడు ప్రశ్నలని మూడుగానే ఉంచండి. చట్టం ఒప్పుకుంటుందా? ఒంటికి మంచిదా? తాగినవాడు చెడ్డవాడా? ఒకదానికి జవాబు దొరికితే మిగతా రెంటికీ దొరికినట్టు కాదు. లీగ్ వాళ్ళు మూడోదాన్ని పట్టుకుని రెండోదానికి జవాబు చెప్పారు. దుకాణాల వాళ్ళు మొదటిదాన్ని పట్టుకుని రెండోదానికి జవాబు చెప్తున్నారు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు మూడోదానితో మొదలెట్టి అక్కడే ఆగిపోతున్నారు. "గంజాయి వెధవ" అన్నాక ఏ పిల్లాడు మీకు నిజం చెప్తాడు? వాడికి నిద్ర పట్టట్లేదో, చెవిలో ఎవరో మాట్లాడుతున్నట్టు ఉందో, డాక్టరుకి చెప్పాల్సింది మీ తిట్లకి భయపడి మింగేస్తాడు. అక్కడ పోయేది పరువు కాదు, పిల్లాడు.

కుస్తీ చూడండి, నేనూ చూస్తాను. డ్రాఫ్టు రోజు చిప్స్ ప్యాకెట్టు ముందు పెట్టుకుని టీముల్ని తిట్టుకోండి. కానీ కంపెనీ ప్రయారిటీ లిస్టుని డాక్టరు చీటీ అనుకోకండి.

అదండీ నా గోల. రాళ్ళు వేసేవాళ్ళు వేయొచ్చు, కాకపోతే అంకెలు కట్టి వేయండి.