కావలివాని మాట త్రోసివేయవచ్చునా?

కరీంనగరము, ఆదిలాబాదులలో కంప్యూటరుపై తెలుగు టైపు చేయు మనవారికి ఒక చిక్కు కలదు. తాము నమ్మి తెచ్చుకొన్న టైపింగు ప్రోగ్రామును ఒక్కొకప్పుడు యాంటీవైరస్ దొంగయని బంధించును. ఇందులకు కారణము లేకపోలేదు. నొక్కిన ప్రతి మీటను నడుమ నందుకొని తెలుగక్షరముగా మార్చుట ఆ ప్రోగ్రాము పని; పాస్‌వర్డులు దొంగిలించు ప్రోగ్రామును మీటలనే కనిపెట్టుచుండును. నడతనుబట్టి తీర్పు చెప్పు కావలివాడు పొరబడుట వింత గాదు. 2010 ఏప్రిలులో మెకాఫీ యాంటీవైరస్, విండోస్ ఎక్స్‌పీకి ప్రాణమువంటి ఫైలునే వైరసని భ్రమించి, పెక్కు దేశములలో కంప్యూటర్లను పనికి రాకుండ జేసెను.

కావున త్రోసివేయు హక్కు యజమానికి ఉండవలసినదే యని మా యభిప్రాయము. అయితే మనవారు ఒక్క ప్రోగ్రాముకొఱకు యాంటీవైరస్‌నే ఆపివేసి, మరల నడిపించుట మఱతురు. ఇది మాకు సమ్మతము గాదు. దానిని తయారుచేసినవారి సైటునుండి తెచ్చితిమా, మిత్రుని పెన్‌డ్రైవునుండియా యని ముందు విచారింపవలెను. పేరు ఒకటే యైనను ఫైలు వేఱు కావచ్చును. వైరస్‌టోటల్‌లో నుంచినచో పెక్కు యాంటీవైరస్‌ల తీర్పు ఒక్కమాఱు తెలియును. (ఇంటి పత్రములు మాత్రము అచ్చట నుంచరాదు సుమా!) పిమ్మట ఆ యొక్క ఫైలునకే మినహాయింపు నీయవలెను. ఇక, దొంగప్రతితోపాటు వచ్చు "ముందు యాంటీవైరస్ ఆపుడు" అను సూచనను విద్యార్థు లెన్నడును పాటింపరాదు.